ఒక గంట నిద్ర, పది గుండ్లు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో బాల కర్రీ పాయింటు ఎక్కడ అని అడిగితే చిన్నపిల్లలైనా చూపిస్తారు. ఆ బాల పూర్తి పేరు బాలాత్రిపురసుందరి అని మాత్రం రేషన్ కార్డుకీ, ఆమె మొగుడికీ తప్ప ఎవరికీ తెలియదు. అంత పొడుగు పేరు పిలిచే తీరిక ఎవరికుంది? విని పలికే ఓపిక ఆమెకి మాత్రం ఎక్కడుంది?

యాభై నాలుగేళ్ళ మనిషి. ఇంకా కోడి కూయకముందే మూడున్నరకి లేస్తుంది. నాలుగింటికల్లా చేపల మార్కెట్టులో ఉండాలి. కర్రీ పాయింటుకి పేరు తెచ్చింది చేపల పులుసే మరి. పప్పు, సాంబారు, దొండకాయ వేపుడు ఏ సందులోనైనా దొరుకుతాయి. బాల పులుసు బాల దగ్గరే దొరుకుతుంది. తెల్లారేసరికి చేప తోమడం, కొయ్యడం, ఉప్పు పసుపు వేసి కడగడం. ఆరింటికి మూడు పొయ్యిలు వెలుగుతాయి. పదకొండుకి జనం. రెండున్నరకి గిన్నెలు ఖాళీ. నాలుగింటి నుంచి మళ్ళీ సాయంత్రం చపాతీలు, కుర్మా. మధ్యలో గంటన్నర ఉంది కదా, నడుం వాల్చొచ్చు కదా అంటారు చుట్టుపక్కల వాళ్ళు. వాలుస్తుంది. కళ్ళు మూసుకుంటుంది. అంతే, చెవిలో తాలింపు చిటపటలాడుతూనే ఉంటుంది. నిద్ర రాదు. రావలసిన వేళకి లేచిపోవడం అలవాటు చేస్తే, నిద్ర కూడా అలిగి రావడం మానేస్తుంది.

మొగుడు గోపీనాథ్ ఉల్లిపాయల కొట్టులో కాటా దగ్గర పనిచేసేవాడు. మూడేళ్ళ కిందట ఓ బస్తా పక్కకి జరపబోయాడు. బస్తా జరిగింది, ఆయన నడుమూ జరిగింది. అప్పటి నుంచి పెరటి కిటికీ పక్క మంచం మీద నడుముకి బెల్టు కట్టుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని వెల్లుల్లి ఒలుస్తాడు. మాట మెత్తన, మనసు మెత్తన. చెయ్యి మాత్రం మరీ మెత్తన. ఆయన ఒక పాయ ఒలిచేలోగా పనిమనిషి ప్రసన్నలక్ష్మి కిలో ఉల్లిపాయలు తరిగేస్తుంది.

ఆ సోమవారం మధ్యాహ్నం బాల తమ్ముడు వీరేంద్ర వచ్చాడు. కొల్లేటి పక్క లంక ఊళ్ళో చేపల చెరువు కౌలుకి తీసుకున్నాడు. ఏడాదికి రెండుసార్లు కనిపించేవాడు, అదీ పులుసు తినడానికి. ఈసారి తినకముందే అడిగాడు.

"అక్కా, నాన్న తుపాకీ నీ దగ్గరే ఉందిగా?"

"ఉంది. ఏం, తిరనాళ్ళలో కొట్టు పెడతావా?"

"నేనెందుకు పెట్టడం! నా చెరువులో నీటికాకులు పెట్టాయి తిరనాళ్ళు. పిల్ల చేప వేస్తే చాలు, బంధువుల్ని కూడా వెంటేసుకుని దిగిపోతన్నాయి. డబ్బాలు కొట్టాం, టపాసులు కాల్చాం, దిష్టిబొమ్మ పెట్టాం. దిష్టిబొమ్మ నెత్తి మీదే కూర్చుంటన్నాయే!"

"పిట్టల్ని చంపుతావట్రా?"

"చంపనక్కా, పాపం నాకెందుకు? పక్కన నీళ్ళలోకి కొడితే ఠప్పుమంటది, లేచిపోతాయి. అంతే."

ఉల్లిపాయలు తరుగుతున్న ప్రసన్నలక్ష్మి కత్తి ఆపింది. "తుపాకీ ఉందా! ఇన్నాళ్ళూ చెప్పలేదేంటక్కా? ఉప్పెక్కువైందన్నోళ్ళకి ఓసారి చూపించేవాళ్ళం గదా!"

వీరేంద్ర కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఊరికే వద్దులే. మా చేపల బండి రోజూ తెల్లారకుండానే గూడెం మీదుగా పోతది. నీక్కావలసిన చేప కోసి, కడిగి, నీ గుమ్మంలో పెట్టిస్తా. ఇంక మార్కెట్టు మానెయ్. మూడున్నరా లేదు, నాలుగూ లేదు. చక్కగా గంట, గంటన్నర ఎక్కువ పడుకో."

బాల గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. గంటన్నర నిద్ర! అదీ కోసి కడిగిన చేపతో! ఏ దేవుడూ ఇంత విడమరిచి వరమివ్వలేదు.

"తీసుకుపోరా నాయనా. అటక మీద దుమ్ము తింటోంది. నేనేం చేసుకుంటాను?"

ఆ తుపాకీ సంగతి చెప్పాలంటే వాళ్ళ నాన్న పాపారావు సంగతి చెప్పాలి. కొల్లేటి లంకల్లో గానీ, మెట్ట ఊళ్ళలో గానీ ఎక్కడ తిరనాళ్ళు జరిగితే అక్కడ ఆయన బెలూన్ల పలక నిలబడేది. అయిదు వరసల బెలూన్లు, ముందు ఓ బల్ల, బల్ల మీద మూడు స్ప్రింగు తుపాకులు. గొట్టాన్ని మోకాలి మీద పెట్టి నడిమికి విరిచి, సీసం గుండు పెట్టి, మళ్ళీ మూసి పేల్చడమే. బాల ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఆ కొట్టులో ఉంది. బుగ్గలు నొప్పెట్టేదాకా బెలూన్లు ఊదేది. జనం పలచబడగానే పాపారావు ఆమెని బల్ల మీదకెక్కించి తుపాకీ ఇచ్చేవాడు. "చూడండి బాబూ, పాలు తాగే పిల్ల కొట్టేస్తోంది! మీసాలున్న మగాళ్ళు, మీరు చూస్తూ నిలబడతారేంటండీ?" బాల ఠప్పు ఠప్పున అయిదు బెలూన్లు పేల్చేది. మీసాలున్న మగాళ్ళకి పౌరుషం వచ్చేది. వాళ్ళు కొడితే గుండు పోయి రెండు బెలూన్ల నడుమ చెక్కకి తగిలేది.

అందులో కిటుకుంది. గొట్టం కొసన గురి చూసుకోవడానికి చిన్న ఇనుప పుల్ల ఉంటుంది. పాపారావు దాన్ని కనీకనపడనంత కుడికి వంచేవాడు. అలా వంచితే గుండు ఎడమకి పోతుంది. తెల్ల బెలూన్ పగలాలంటే దాని కుడిపక్కనున్న పచ్చ బెలూన్‌ని చూసి కొట్టాలి. ఇది పాపారావుకి, బాలకి, పెద్దయ్యాక వీరేంద్రకి తప్ప ఇంకెవరికీ తెలియదు. మోసమా అంటే మోసమే. "అందరూ కొట్టేస్తే మనం బెలూన్లు ఊదలేక చస్తామే" అనేవాడు పాపారావు. ఆయన పోయేముందు రెండు తుపాకులు ఎవరికో ఇచ్చేసి, మంచిది మాత్రం కూతురి చేతిలో పెట్టాడు. పదకొండేళ్ళయింది. పెట్టిన చోటే ఉంది.

వీరేంద్ర అటక ఎక్కి, పాత లుంగీలో చుట్టిన తుపాకీ, గుండ్ల డబ్బా దించాడు. గుండు పెట్టి నొక్కితే ముసలాయన దగ్గినట్టు పుస్సుమంది. గుండు గొట్టంలోంచి జారి కాలి దగ్గర పడింది.

"దీని పీక ఎండిపోయిందక్కా. ఏలూరులో రహమాన్ గారి కొట్టుంది చూడు, ఆయన లేరు, కొడుకు నదీమ్ చూసుకుంటన్నాడు. అతనికివ్వు. నాకు చెరువొదిలి రావడం కుదరదు. ఆదివారం వచ్చి పట్టుకుపోతా."

అంటే ఆ పనీ ఆమె నెత్తినే. అయినా గంటన్నర నిద్ర కోసం ఏలూరేమిటి, విశాఖపట్నమైనా వెళ్ళొచ్చు. గురువారం వంట ప్రసన్నలక్ష్మికి అప్పగించి, తుపాకీని దుప్పట్లో చుట్టి బస్సెక్కింది. పక్క సీటావిడ ఆ మూటని ఎగాదిగా చూసింది.

"రోకలా అండీ?"

"అవునండీ."

"కొస సన్నంగా ఉందేంటండీ?"

"అరిగిపోయిందండీ. పాతకాలంది."

ఆవిడ జాలిగా తలాడించింది. బాల కిటికీకి తల ఆనించింది. భీమడోలు ఎప్పుడొచ్చిందో, గుండుగొలను ఎప్పుడు దాటిందో తెలియదు. రోకలి ఒళ్ళో పెట్టుకుని హాయిగా నిద్రపోయింది. ఏలూరు బస్టాండులో కండక్టరు లేపితే, ఇంకో ఊరు ఉంటే బాగుండేది అనుకుంటూ దిగింది.

నదీమ్ కొట్టు కాలువ గట్టు దగ్గర చిన్న గది. పంపు స్టవ్వులు, కుట్టు మిషన్లు, సైకిల్ పంపులు, మిక్సీలు అన్నీ ఒకదాని మీద ఒకటి. నలభై ఏళ్ళ మనిషి, ముక్కు మీద కళ్ళజోడు. దుప్పటి విప్పగానే మొహం వెలిగిపోయింది.

"ఇది పాపారావుగారిది కదండీ! మా నాన్న వాషరు వేసిన తుపాకీ. చిన్నప్పుడు ముట్టుకుంటే చేతి మీద కొట్టేవారండీ నన్ను."

మరలు విప్పాడు. జానెడున్నర స్ప్రింగు ముద్ద నూనెతో బయటికి వచ్చింది. దాని ముందుండే తోలు వాషరు తీసి అరచేతిలో పెట్టాడు.

"స్ప్రింగు బంగారంలా ఉందండీ. వాషరే ఎండి అప్పడమైపోయింది. గాలి నిలబడట్లా. కొత్తది కోస్తాను, నూనెలో ఓ రెండు గంటలు నానాలి. కూర్చోండమ్మా."

బాల స్టూలు మీద కూర్చుంది. గోడకి ఆనుకుంది. సైకిల్ పంపుకి వేసే తోలు ముక్కలోంచే అతను చక్రంలా కోయడం చూసింది. ఆ తరవాత ఏమీ చూడలేదు. ఈ మధ్య ఆమెకి ఇల్లు తప్ప ఎక్కడైనా నిద్ర వస్తోంది.

లేచేసరికి తుపాకీ బిగించి సిద్ధంగా ఉంది. "ఓసారి మీరే చూసుకోండమ్మా" అని నదీమ్ వెనక దొడ్లోకి తీసుకెళ్ళాడు. ఇటుక గోడకి నూనె డబ్బా మూత ఒకటి వేలాడదీశాడు. దాని కుడిపక్క జానెడు దూరంలో నీళ్ళ పైపు కిందికి దిగుతోంది.

"నాకెందుకు బాబూ, నువ్వే కొట్టి చూడు."

"పాపారావుగారి అమ్మాయి ఉండగా నేనెక్కడండీ!"

మోకాలికి ఆనించి గొట్టం విరిచింది. చేతులకి గుర్తుంది. గుండు పెట్టి మూసింది. పిడి భుజానికి తగలగానే నూనె వాసన, చెక్క వాసన కలిసి ముక్కుకి తగిలాయి. ఊపిరి బిగబట్టి నొక్కింది. ఠప్పుమంది. గొట్టంలోంచి సన్నగా పొగ వచ్చింది.

"కొత్త నూనె గదండీ, మొదటి నాలుగు దెబ్బలకి పొగొస్తది. భయం లేదు."

పొగ సరే. గుండు పోయి మూతకి జానెడు కుడిగా, పైపు పక్క ఇటుకకి తగిలింది. మళ్ళీ కొట్టింది. అక్కడే. మూడోది కూడా అక్కడే, అదే ఇటుకకి. బాల తుపాకీ దించేసింది. ఎనిమిదేళ్ళప్పుడు బల్ల మీద నిలబడి అయిదుకి అయిదు కొట్టిన చెయ్యి ఇది. ఇప్పుడు గరిటెకి తప్ప పనికిరాదు కాబోలు.

"చెయ్యి పోయింది బాబూ. ముసలిదాన్నయిపోయాను."

నదీమ్ గడ్డం గోక్కున్నాడు. "చెయ్యి పోలేదండీ. మూడూ ఒకే ఇటుకకి తగిలాయి కదా. మీరసలు మూతని చూడట్లేదమ్మా. పైపు వైపు చూస్తన్నారు."

"అటే చూడాలి. గురిపుల్ల వంకర గదా."

"అది నేను తిన్నగా చేసేశానండీ! మీరు పడుకున్నారని చెప్పలేదు. మరమ్మతుకొచ్చిన వస్తువు వంకరతో ఇస్తే మా నాన్న ఊరుకుంటారాండీ?"

బాల అతని మొహం చూసింది. తుపాకీ కొస చూసింది. పుల్ల నిటారుగా, బుద్ధిగా నిలబడి ఉంది. నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగిచూసేంత నవ్వు నవ్వింది.

ఈసారి మూతనే చూసింది. పుట్టి బుద్ధెరిగి ఆ తుపాకీతో దేన్నీ తిన్నగా చూసి కొట్టలేదు. కళ్ళు పక్కకి పోబోతే లాక్కొచ్చి మూత మీదే నిలబెట్టింది. పుల్ల, మూత, కన్ను ఒక్క గీత మీదికి వచ్చాయి. ఆ ఒక్క క్షణం చెవిలో తాలింపు చిటపట ఆగిపోయింది. నొక్కింది. ఠంగ్!

మూత గిర్రున తిరిగింది.

"ఇంకోటియ్యి" అంది చెయ్యి చాపి.

ఆ ఇంకోటి ఇరవై అయ్యాయి. సాయంత్రం బస్సుకి ఆలస్యమైంది.

శుక్రవారం మధ్యాహ్నం గిన్నెలు ఖాళీ కాగానే నడుం వాల్చబోయి, ఆగింది. పెరట్లోకి వెళ్ళింది. ఎదురుగా రైసు మిల్లు వెనక గోడ, దాని ముందు ఇటుకల దిమ్మ. మార్కెట్టు నుంచి వచ్చిన కుళ్ళు ఉల్లిపాయలు నాలుగు దిమ్మ మీద వరసగా పెట్టింది. కిటికీలోంచి గోపీనాథ్ తల ఎత్తి చూశాడు.

"ఏం చేస్తున్నావు బాలా?"

"పరీక్ష. వాడికిచ్చేలోగా బాగుందో లేదో చూడాలి గదండీ."

మొదటి ఉల్లిపాయ ఎగిరి పడింది. రెండోది పడలేదు. "కింద తగిలింది. ఒక వేలు పైకి" అన్నాడు గోపీనాథ్. ఆయనవి కాటా ముల్లు చూసిన కళ్ళు, వెంట్రుకవాసి తేడా పట్టేస్తాయి. మూడేళ్ళుగా ఆ మంచం మీంచి ఆయన ఆమెకి చెప్పిన మాటలన్నీ వెల్లుల్లి గురించే. ఇప్పుడు "కొంచెం కుడి", "భేష్", "గాలొచ్చింది, ఆగు" అంటుంటే గొంతులో పాత కొట్టు నాటి హుషారు వినపడింది. పది గుండ్లకి ఆరు తగిలాయి. తరవాత బాల లోపలికి వచ్చి పడుకుంది. పావుగంటే గానీ, నిజంగా నిద్రపోయింది.

శనివారం పదికి ఎనిమిది తగిలాయి.

ఆ శనివారం సాయంత్రం చపాతీ ఒత్తుతూ మధ్యలో ఆగిపోయింది. ప్రసన్నలక్ష్మి చూసి, "ఏంటక్కా, పెనం మాడుతోంది" అంది.

"రేపు వీరేంద్ర వస్తాడే."

"మంచిదేగా! ఎల్లుండి నించి హాయిగా పడుకోవచ్చు. మీ కళ్ళ కింద చూడండి, బొగ్గుతో గీసినట్టుంది."

"పడుకోవచ్చు" అంది బాల. నిజమే. కాళ్ళు ఆ నిద్రే అడుగుతున్నాయి, నడుమూ దాన్నే అడుగుతోంది. గుమ్మంలోకి వచ్చే కోసిన చేపని కాదనుకోవడానికి ఆమెకేం పిచ్చా? మాట కూడా ఇచ్చేసింది. తుపాకీ నూనె గుడ్డతో తుడిచి, లుంగీలో చుట్టి, తలుపు వెనక నిలబెట్టింది. ఇంకేమీ ఆలోచించకూడదనుకుంది.

ఆదివారం వీరేంద్ర వచ్చి, పులుసుతో రెండు పళ్ళేలు అన్నం లాగించి, చెయ్యి కడుక్కుని తుపాకీ అందుకున్నాడు.

"ఎలా ఉంది బావగారూ, పేలుతోందా?"

"పేలడానికేం వీరేంద్రా, మీ అక్కే..." అని గోపీనాథ్ భార్య మొహం చూసి, మిగతాది మింగేసి వెల్లుల్లి వైపు తిరిగాడు.

వీరేంద్ర పెరట్లో దిమ్మ మీద ఉల్లిపాయలు వరసపెట్టాడు. గుండు పెట్టి, ఒక కన్ను మూసి, కొట్టాడు. గుండు పోయి మిల్లు గోడకి తగిలింది. ఉల్లిపాయ చెక్కుచెదరలేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ గోడే. బాల గుమ్మంలో నిలబడి చూస్తోంది. వాడి కన్ను ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఉల్లిపాయకి కుడిగా, నాన్న నేర్పినంత దూరంలో, ఎంత శ్రద్ధగానో చూస్తున్నాడు పిచ్చి వెధవ.

ఒరే, గురిపుల్ల తిన్నగా చేశారురా, ఉల్లిపాయనే చూడు. అంతే చెప్పాలి. అయిదారు మాటలు. చెబితే తుపాకీ వెళ్ళిపోతుంది, రేపటి నుంచి చేప గుమ్మంలోకి వస్తుంది. మూడున్నరకి లేవక్కర్లేదు. నోరు తెరిచింది కూడా.

"ఇంకోటి కొట్టి చూడరా" అంది. అంతే అంది.

ఆరు కొట్టాడు. ఆరూ గోడకే. వీరేంద్రకి మొహం కందిపోయింది. "గొట్టమే వంగిపోయినట్టుందక్కా. నీటికాకిని కొట్టబోతే పక్క చెరువోడికి తగిలేలా ఉంది. నదీమ్ ఏం చేశాడో ఏంటో!"

"అతన్నేమీ అనకు. పనిమంతుడు."

"పాతదైపోయింది, అంతే. నేను వల కప్పించుకుంటాలే." తుపాకీ తెచ్చి ఆమె చేతిలో పెట్టేశాడు. గుమ్మం దిగుతూ తల గోక్కున్నాడు. "చేపల సంగతి మరి... చూద్దామక్కా. కాకులు మిగిలిస్తే గదా పంపించేది."

"నీకు కుదిరినప్పుడేలే."

బండి శబ్దం సందు చివర దాటింది. గోపీనాథ్ కిటికీలోంచి మెల్లగా అడిగాడు. "చెప్పొచ్చు గదా బాలా?"

"చెప్పొచ్చండీ."

"వాడు నీ తమ్ముడు."

"అవునండీ. నాన్న కూడా నాన్నే. మీసాలున్నోళ్ళు గురి తప్పుతుంటే ఆయనా ఇలాగే బల్ల పక్కన నిలబడి చూసేవాడు."

"మరి నిద్ర?"

బాల గడియారం అందుకుంది. అలారం మూడున్నరకే ఉంచింది.

సోమవారం చేపల మార్కెట్టులో దీపాల కింద నిలబడి ఆవలిస్తుంటే, చేపలమ్మే విశ్వాసం తట్ట మీద నీళ్ళు చల్లుతూ అడిగాడు. "అదేంటమ్మా, ఇవాళ్టి నించి రానన్నారు? మీ తమ్ముడుగారు పంపుతారన్నారుగా?"

"పంపట్లేదు విశ్వాసం. కుదర్లేదు."

"ఆయనకి కుదర్లేదా, మీకు కుదర్లేదా?"

"బొచ్చె తాజాదేనా ఇది? కన్ను చూడు, నా కన్నులా ఉంది. శీలావతి ఇవ్వు."

ఆటోలో బుట్ట మీద చెయ్యి వేసుకుని కునికింది. ఇల్లు వచ్చాక డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి లేపాడు. పులుసులో చింతపండు ఒకసారి వేసి, మర్చిపోయి మళ్ళీ వెయ్యబోతే ప్రసన్నలక్ష్మి చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నం జనం, పొట్లాలు, చిల్లర, "వేపుడు అయిపోయిందా బాలగారూ" అన్నీ మామూలే. రెండున్నరకి గిన్నెలు బోర్లించాక ప్రసన్నలక్ష్మి కొంగు దులుపుకుంటూ, "నేనెళ్ళొస్తా. కాసేపు పడుకోండక్కా, నిలబడలేకపోతున్నారు" అంది.

"పడుకుంటాలే, నువ్వెళ్ళు" అంది బాల, పెరటి తలుపు గడియ తీస్తూ.